66 ముస్తాంగ్ సిక్సుకి మూడు కార్బొరేటర్లు: ఎవరైనా చేశారా?

ముస్తాంగ్_66 (డాలస్), ఫిబ్రవరి 8

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదలు.

నా దగ్గర 1966 ముస్తాంగ్ కూపే ఉంది. బానెట్ ఎత్తగానే అందరూ ఎనిమిది సిలిండర్ల వీ8 కోసం వెతికి, "ఓ... సిక్సా" అని నీరసంగా అంటారు. అవును, సిక్సే, ఆరు సిలిండర్లే. 200 క్యూబిక్ ఇంచిల ఇంజను, సీ4 ఆటోమేటిక్ గేర్‌బాక్సు, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ ఒకే ఒక్కటి, ఆటోలైట్ 1100 సింగిల్ బ్యారెల్ (గాలి పోయే గొంతు ఒకటే). కాగితం మీద 4400 ఆర్‌పీఎం దగ్గర 120 హార్స్‌పవర్. ఫ్రీవే ఎక్కేటప్పుడు ఆ 120లో సగం సెలవు పెట్టినట్టుంటుంది.

వీ8 పెట్టమని చెప్పకండి. ఈ బండి చక్రాలకి నాలుగే బోల్టులు. వీ8 పెడితే స్ప్రింగులు, బ్రేకులు, వెనక యాక్సిల్ అన్నీ మార్చాలి. అప్పుడది నా బండి కాదు.

మొన్న పాత సామాన్ల సంతలో ఆఫెన్‌హౌజర్ వాళ్ళ మూడు కార్బ్‌ల కిట్ కనబడితే కొనేశా. ఇంజను హెడ్డుకున్న గాలి గొట్టం (లాగ్) మీద రెండు రంధ్రాలు వేసి అటూ ఇటూ ఇంకో కార్బ్ పెట్టాలట. నిజంగా పికప్ వస్తుందా, లేక బానెట్ కింద అలంకారమేనా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జెడ్_బండి (శాన్ హోసే), ఫిబ్రవరి 8

ముందు ఇంట్లో చెప్పు బ్రో. కార్బ్ ట్యూనింగ్ కంటే అదే కష్టం.

నాది 1971 డాట్సన్ 240జెడ్. రెండు హిటాచి కార్బ్‌లు తీసేసి మూడు వెబర్ 40లు పెట్టా. ఆరు సిలిండర్లకి ఆరు బ్యారెల్స్, ఎవరి గాలి వాళ్ళది. 3500 దాటాక వచ్చే ఆ శబ్దం కోసం పెట్రోలు ఖర్చు లెక్క చూడటం మానేశా. పెట్టెయ్, ఆలోచించకు.

లేత్_రాజు (మిషిగన్), ఫిబ్రవరి 9

ఆలోచించు తమ్ముడూ. జెడ్ భాయ్ బండి వేరు, నీ బండి వేరు.

జెడ్ భాయ్ డాట్సన్ ఎల్24 ఇంజనుకి, కార్బ్ నుంచి సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డు బోల్టులు విప్పితే ఊడొస్తుంది. వెబర్లకి సరిపడే మ్యానిఫోల్డు తెచ్చి బిగిస్తే అయిపోయింది. ఫోర్డ్ చిన్న సిక్సులో మ్యానిఫోల్డు అనే వస్తువే విడిగా లేదు. హెడ్డుతో కలిపి ఒకే పోత. 1960లో ఫాల్కన్ కోసం ఖర్చు తగ్గించడానికి అలా పోశారు, తర్వాత అమెరికాలో చివరిదాకా అదే పద్ధతి. హెడ్డు పక్కన దుంగలా సాగిన గొట్టం, దాని నెత్తిన మధ్యలో ఒక రంధ్రం, అక్కడ కార్బ్. అందుకే లాగ్ హెడ్ అంటారు.

పంక్తి భోజనంలో పులుసు గిన్నె పట్టుకున్నవాడు మధ్యలో నిలబడి, కదలకుండా గరిటె విసిరితే ఎలా ఉంటుంది? 3, 4 విస్తళ్ళు మునిగిపోతాయి. 1, 6 విస్తళ్ళవాళ్ళు చెయ్యి పెట్టుకుని చూస్తుంటారు. మీ ఇంజనులో జరిగేది అదే. చివరి సిలిండర్లు ఎప్పుడూ లీన్‌గా, అంటే పెట్రోలు చాలక ఉంటాయి. ప్లగ్గులు విప్పి వరసలో పెట్టి చూడు, తెలుస్తుంది.

మూడు కార్బ్‌లతో వచ్చే అసలు లాభం ఈ వడ్డన సరికావడం. ఎక్కువ గాలి రావడం రెండోది, అదీ కొంచెమే. పోర్టులు అవే, వాల్వులు అవే కదా.

ముస్తాంగ్_66, ఫిబ్రవరి 9

అన్నా, ప్లగ్గులు విప్పా. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. 3, 4 మసి. 1, 6 తెల్లగా సున్నం వేసినట్టున్నాయి.

అయితే 120కి మూడు కార్బ్‌లతో ఎంత కలుస్తుంది?

నల్లకుంట_చెవీ (హైదరాబాద్), ఫిబ్రవరి 10

బాబూ, ముగ్గురు వంటవాళ్ళని పెట్టినంత మాత్రాన వంట మూడింతలు అవదు. ఒక పాత లెక్క చెబుతాను.

1953లో షెవ్రొలే వాళ్ళు మొదటి కార్వెట్ తెచ్చారు. ఆ ఏడాది చేసినవి 300 కార్లే. అందులో వీ8 లేదు. మామూలు ఇళ్ళ కార్లలో వాడే 235 సిక్సే. దానికి మూడు కార్టర్ సైడ్ డ్రాఫ్ట్ కార్బొరేటర్లు పెట్టారు. అదే ఏడాది పవర్‌గ్లైడ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఉన్న మామూలు కారులో ఆ ఇంజను 115 హార్స్‌పవర్, కార్వెట్‌లో 150. చూసినవాళ్ళంతా ఆ 35 మూడు కార్బొరేటర్ల మహిమ అనుకున్నారు. కాదు. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ మార్చారు, కంప్రెషన్ 8కి పెంచారు, సైలెన్సర్ పైపులు రెండు చేశారు. ఇవన్నీ కలిస్తే 35.

నా దగ్గర 1948 ఫ్లీట్‌మాస్టర్ ఉంది, మా నాన్నగారి కాలం నుంచి. 216 ఇంజను. కుర్రతనంలో నాకూ రెండు కార్బొరేటర్ల పిచ్చి పట్టింది. మా మేస్త్రీ ఆపాడు. ఆ ఇంజనులో కనెక్టింగ్ రాడ్ బేరింగులకి ఆయిలు ప్రెషర్‌తో రాదు. రాడ్ కింద ఉన్న చిన్న గరిటె తొట్టిలో మునిగి చిమ్ముకోవాలి. "పైన పాలు పోస్తే కింద కుండ పగులుతుంది సార్" అన్నాడు. వినడం మంచిదైంది, ఇవాళ్టికీ అదే ఇంజను నడుస్తోంది. మీ 200కి ఆ బాధ లేదు. ఏడు మెయిన్ బేరింగులు, గట్టి ఇంజను.

మెల్‌బోర్న్_హోల్డెన్ (మెల్‌బోర్న్), ఫిబ్రవరి 10

మా ఊళ్ళో సిక్సు అంటే ఎవరూ నీరసపడరు. 1970లో హోల్డెన్ వాళ్ళు టొరానా ఎక్స్‌యూ-1కి 186 ఇంజను, మూడు స్ట్రాంబర్గ్ సీడీ150 కార్బ్‌లు ఫ్యాక్టరీలోనే పెట్టి 160 హార్స్‌పవర్ అన్నారు. 1972లో పీటర్ బ్రాక్ 202 ఇంజను ఉన్న ఎక్స్‌యూ-1తో బాథర్స్ట్ రేసు గెలిచాడు. అది 500 మైళ్ళు, అతను ఒక్కడే నడిపాడు. అటు క్రైస్లర్ వాళ్ళు చార్జర్‌లో 265 సిక్సుకి మూడు వెబర్ 45లు పెట్టారు.

ఎక్స్‌యూ-1 కొనే స్తోమత నాకు లేదు. ఇల్లు అమ్మాలి. నాది హోల్డెన్ హెచ్‌క్యూ, 202 ఇంజను. దానికి బయటి మ్యానిఫోల్డు తెచ్చి మూడు సీడీ150లు పెట్టుకున్నా. వీటిలో సుఖం ఏమిటంటే, లోపలి పిస్టన్ ఇంజను లాగినంతే పైకి లేస్తుంది. కార్బ్ పెద్దదైనా తప్పు కాస్తుంది. నీ సింగిల్ బ్యారెల్ కార్బ్‌లో గొంతు సైజు మారదు. మూడు పెద్ద గొంతులు పెడితే గాలి వేగం పడిపోయి, జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) నుంచి పెట్రోలు లాగే బలం ఉండదు. తొక్కగానే దగ్గు. చిన్నవి వెతుకు.

లేత్_రాజు, ఫిబ్రవరి 11

హోల్డెన్ అన్న చెప్పింది పాయింటు. లెక్క సులువు. క్యూబిక్ ఇంచిలని ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగించు. 200 × 4400 ÷ 3456 అంటే సుమారు 255 సీఎఫ్‌ఎం, నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి. లాగ్ హెడ్డు అందులో ఎనభై శాతం పీల్చుకుంటే గొప్ప, అంటే 204. ఇంకో చిక్కు, సింగిల్, డబుల్ బ్యారెల్ కార్బ్‌లని 3 ఇంచిల వాక్యూమ్ (ఇంజను పీల్చే బలం) దగ్గర కొలుస్తారు, నాలుగు బ్యారెల్స్ వాటిని 1.5 దగ్గర. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఏమైనా నీకు కావాల్సింది ఫోర్డ్ 170 ఇంజనుకి వచ్చిన చిన్న కార్బ్‌లు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చదవకుండా స్పానర్ పట్టుకోకు.

ప్లగ్గులకి కరెంటు పంచే నీ డిస్ట్రిబ్యూటర్ పేరు లోడ్-ఓ-మాటిక్. మామూలు డిస్ట్రిబ్యూటర్‌లో స్పీడు పెరిగేకొద్దీ బరువులు విచ్చుకుని టైమింగ్ (ప్లగ్గు నిప్పు రాజేసే సమయం) ముందుకు జరుపుతాయి, వాక్యూమ్ దానికి తోడు. నీ దాంట్లో బరువులే లేవు. అంతా వాక్యూమే. ఆ వాక్యూమ్ కూడా ఎక్కడిదంటే అక్కడిది కాదు. ఆటోలైట్ 1100లో గొంతు దగ్గరి వాక్యూమ్, థ్రాటిల్ కింది వాక్యూమ్ రెండూ కలిపి, స్పార్క్ కంట్రోల్ వాల్వు అనే చిన్న బుడిపె మీదుగా పంపుతారు. ఆ కార్బ్, ఆ డిస్ట్రిబ్యూటర్ మొగుడూ పెళ్ళాల్లాంటివి. ఒకరిని మార్చి ఇంకొకరిని ఉంచితే కాపురం నడవదు. గాలి మూడు గొంతుల్లోకి పంచుకుంటే, మధ్య కార్బ్‌లో ఆ సిగ్నల్ పలచబడిపోతుంది. టైమింగ్ కదలదు. బండి ఎడ్లబండి అవుతుంది.

1968 నుంచి వచ్చిన రకం డిస్ట్రిబ్యూటర్ తీసుకో, బరువులు, వాక్యూమ్ రెండూ ఉంటాయి. కొనేముందు ఆయిల్ పంపు తిప్పే షాఫ్టు కొలువు. ఈ ఇంజన్లలో 1/4 ఇంచి, 5/16 ఇంచి రెండూ ఉన్నాయి.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ ఉండేది. కార్బొరేటర్ బాగుచేయమని ఎవరొచ్చినా ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీసేవాడు. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

జెడ్_బండి, ఫిబ్రవరి 11

ఇంత కష్టపడేకన్నా అడాప్టర్ వేసి ఒక వెబర్ 32/36 పెట్టుకోవచ్చుగా? డబుల్ బ్యారెల్, పని సులువు.

లేత్_రాజు, ఫిబ్రవరి 11

పెట్టుకోవచ్చు. బుద్ధిమంతుడైతే అదే చేస్తాడు. దానికైనా డిస్ట్రిబ్యూటర్ మార్చాలి. కానీ వడ్డన మధ్యలోంచే, 1, 6 పస్తులే.

ముస్తాంగ్_66, ఫిబ్రవరి 12

బుద్ధిమంతుడినైతే ఈ బండి కొనేవాడినా? మూడే. ఇంట్లో చెప్పేశా. "గ్యారేజీలోంచి బయటికి వస్తే చాలు, ఎన్నైనా పెట్టుకో" అంది.

ముస్తాంగ్_66, ఏప్రిల్ 19

అప్‌డేట్. హెడ్డు విప్పి ఇక్కడ ఒక మెషిన్ షాపులో ఇచ్చా, పేరు వద్దు. రంధ్రాలు బాగానే వేశారు. కడిగామన్నారు. ఇంటికి తెచ్చి, ఎందుకో అనుమానమొచ్చి అయస్కాంతానికి దారం కట్టి లాగ్ లోపలికి దింపితే జుట్టులా ఇనుప రజను పట్టుకుని వచ్చింది. అలాగే బిగించి ఉంటే అదంతా సిలిండర్లలోకి. వాల్వులన్నీ విప్పించి, రెండు రోజులు నేనే కడుక్కున్నా.

ఎలాగూ విప్పాం కదా అని 3, 4 ఎగ్జాస్ట్ పోర్టుల మధ్య డివైడర్ కూడా పెట్టించా. ఆ రెండూ పక్కపక్కనే కలిసిపోయి ఉంటాయి, ఒకదాని పొగ ఇంకొకదానికి అడ్డం.

ఇవాళ స్టార్ట్ చేశా. చూడటానికి అద్భుతం. నడపడానికి దరిద్రం. తొక్కితే గొంతు పట్టేసినట్టు ఆగి, తర్వాత కదులుతుంది. వేడెక్కుతోంది. ఐడిలింగ్ 1100 కంటే దిగట్లేదు. ముందు కంటే స్లోగా ఉంది బండి!

లేత్_రాజు, ఏప్రిల్ 19

డిస్ట్రిబ్యూటర్?

ముస్తాంగ్_66, ఏప్రిల్ 19

...తర్వాత మారుద్దాం అనుకున్నా అన్నా.

నల్లకుంట_చెవీ, ఏప్రిల్ 20

ఆయన ఒక పేజీ రాసింది అందుకేగా బాబూ.

ముస్తాంగ్_66, మే 3

మార్చాను. తిట్టండి, తర్వాత వినండి. ఇనీషియల్ టైమింగ్ 12 డిగ్రీలు, బరువులు పూర్తిగా విచ్చుకుంటే మొత్తం 34. అదే కార్బ్‌లు, అవే జెట్లు, వేరే బండి. వేడెక్కడం పోయింది. టైమింగ్ వెనకబడితే మంట ఎగ్జాస్ట్‌లోకి సాగి ఇంజను వేడెక్కుతుందని చదివా. ఇప్పుడు చెయ్యి కాల్చుకుని తెలుసుకున్నా.

మిగిలిన జబ్బులు రెండు. ఐడిలింగ్ ఇంకా 1000 దగ్గర ఊగుతోంది. గేర్లు చాలా ఆలస్యంగా పడుతున్నాయి, పడ్డప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టుంది.

లేత్_రాజు, మే 3

గేర్ల సంగతి తేలిక. సీ4కి ఇంజను ఎంత బరువు లాగుతోందో చెప్పేది వాక్యూమ్ మాడ్యులేటర్. దాని పైపు ఎక్కడ తగిలించావు? లాగ్ నుంచి నేరుగా రావాలి. అలాగే కిక్‌డౌన్ రాడ్ (పూర్తిగా తొక్కితే కింది గేరుకి దింపేది) కొత్త లింకేజీకి కలిపావా, ఊరికే వేలాడుతోందా?

ఐడిలింగ్‌కి మొదట బయటి రెండు కార్బ్‌ల థ్రాటిల్ షాఫ్టుల మీద కార్బ్ క్లీనర్ కొట్టి చూడు. ఆర్‌పీఎం మారితే అక్కడ గాలి దొంగతనంగా పోతున్నట్టే.

ముస్తాంగ్_66, మే 4

మాడ్యులేటర్ పైపు కార్బ్ మీది పోర్టుకి పెట్టా. ఐడిలింగ్‌లో అక్కడ వాక్యూమే రాదట. మార్చా, గేర్లు వెన్నలా పడుతున్నాయి. క్లీనర్ కొడితే వెనక కార్బ్ దగ్గర ఆర్‌పీఎం మారింది. షాఫ్టు అరిగిపోయింది, బుష్ వేయించాలి.

ఇంకో డౌటు. లింకేజీ మూడూ కలిసి తెరుచుకునేలా పెట్టాలా, లేక మధ్యది ముందు, బయటివి సగం తొక్కాకా?

జెడ్_బండి, మే 4

కలిపే పెట్టు. మధ్యది మాత్రమే పనిచేస్తే మళ్ళీ పాత వడ్డనే కదా, రాజు అన్న చెప్పిన పులుసు గిన్నె. పైగా బయటి కార్బ్‌ల ఫ్లోట్ గిన్నెల్లో పెట్రోలు కదలకుండా నిలవుంటుంది, వారం తర్వాత జిగురు.

మెల్‌బోర్న్_హోల్డెన్, మే 4

ఒప్పుకోను. రోజూ ఆఫీసుకి వెళ్ళే బండికి మధ్యది ముందు తెరుచుకోవడమే హాయి. అమెరికాలో వీ8లకి మూడు కార్బ్‌లు పెట్టినప్పుడు ఎక్కువగా అలాగే చేశారు.

లేత్_రాజు, మే 5

వీ8లో మధ్య కార్బ్ నుంచి అన్ని సిలిండర్లకీ దూరం దాదాపు ఒకటే. ఇక్కడ కాదు. ఈ ఇంజనుకి నా ఓటు జెడ్ భాయ్‌కే. మూడూ కలిసి, చిన్న జెట్లతో.

కొత్త_సభ్యుడు_రాజమండ్రి, మే 5

మధ్యలో వచ్చినందుకు సారీ అండీ. మూడు కార్బ్‌లు సమానంగా లాగుతున్నాయని ఎలా తెలుస్తుంది? దానికేమైనా మీటర్ ఉంటుందా?

జెడ్_బండి, మే 5

ఉంటుంది. సింక్రోమీటర్ అని, కార్బ్ మూతి మీద పెడితే గాలి ఎంత పోతోందో ముల్లు చూపిస్తుంది. వెబర్లలో బ్యారెల్‌కి ఒక సిలిండర్ కాబట్టి అది లేకుండా నేను చెయ్యి పెట్టను. ఒక్క బ్యారెల్ తేడా వచ్చినా ఇంజను కుంటుతుంది.

నల్లకుంట_చెవీ, మే 5

మీటరు లేకపోతే అర మీటరు రబ్బరు పైపు చాలు నాయనా. ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బొరేటర్ మూతి దగ్గర. బుస్సుమనే శబ్దం మూడింటిలోనూ ఒకే శ్రుతిలో ఉండాలి. ఫ్యాను బెల్టుకి దూరంగా నిలబడు, లుంగీలో మాత్రం చెయ్యకు.

ఇక్కడ ఇప్పుడు బంకుల్లో ఇ20 పెట్రోలే, 20 శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు పైపులు ఉబ్బిపోతున్నాయి, అవి మార్చుకోవాలి. ఇథనాల్‌కి ఎక్కువ ఇంధనం కావాలి కాబట్టి పాత జెట్లతో అన్ని సిలిండర్లూ కొంచెం లీన్ అవుతాయి. మన దగ్గర ట్యూనింగ్ చేసేవాళ్ళు అమెరికా జెట్ నంబర్లు కాపీ కొట్టొద్దు.

లేత్_రాజు, మే 6

ముస్తాంగ్ తమ్ముడికి ఒక మాట. నీది వెబర్ సెటప్ కాదు, మూడు కార్బ్‌లూ ఒకే లాగ్‌లోకి ఊదుతాయి. సింక్ వెంట్రుకవాసి తేడాతో చచ్చిపోదు. థ్రాటిల్ ప్లేట్లు మూడూ ఒకేసారి మూసుకోవడం, ఒకేసారి తెరుచుకోవడం ముఖ్యం. బ్రిటిష్‌వాళ్ళకే ఓపిక పోయింది. ఆస్టిన్-హీలీ 3000 మార్క్ 2కి 1961లో మూడు ఎస్‌యూ కార్బ్‌లు పెట్టారు. డీలర్లు బ్యాలెన్స్ చెయ్యలేక చేతులెత్తేశారు. మరుసటి ఏడే రెండుకి దిగారు. పవర్ తగ్గింది ఒకటో రెండో గుర్రాలు, అంతే.

ముస్తాంగ్_66, జూన్ 14

బుష్ వేయించా. వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టి నాలుగు వారాంతాలు జెట్లు మారుస్తూ కూర్చున్నా. ఇప్పుడు ఒక పాలు పెట్రోలుకి గాలి, నిలకడగా పోతుంటే 14 పాళ్ళ చుట్టూ, పూర్తిగా తొక్కితే 12.8. ఐడిలింగ్ 700, గేరులో ఉండి కూడా వణుకు లేదు. ప్లగ్గులు మళ్ళీ వరసలో పెట్టా. ఆరూ ఒకే బిస్కెట్ రంగు. ఆ ఫోటో బెడ్‌రూమ్‌లో పెట్టుకుందామంటే ఇంట్లో ఒప్పుకోలేదు.

పవర్ ఎంత పెరిగిందో కొలిచే డైనో మీద పెట్టలేదు. మా ఇంటి దగ్గర ఫ్రీవే ర్యాంపు మీద అంతకుముందు చివరికి 55 మైళ్ళు వచ్చేది, ఇప్పుడు 62. దాంట్లో డిస్ట్రిబ్యూటర్ వాటా ఎంత, కార్బ్‌ల వాటా ఎంత అని అడగొద్దు. సగం కంటే ఎక్కువ డిస్ట్రిబ్యూటర్‌దే అని నా అనుమానం.

కొత్త తలనొప్పి: ఎండ. నిన్న 38 డిగ్రీలు. కిరాణా కొట్టు ముందు పది నిమిషాలు ఆపి వస్తే స్టార్ట్ కాదు, పెట్రోలు వాసన.

లేత్_రాజు, జూన్ 14

కింద ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు, పైన కార్బ్. పొయ్యి మీద గిన్నె. ఇంజను ఆపాక ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరిగి లోపలికి కారుతోంది. మూడు కార్బ్‌ల కిందా వేడి ఆపే ఫినాలిక్ స్పేసర్లు వెయ్యి. బానెట్ తగులుతుందేమో ముందు మైనం ముద్ద పెట్టి కొలుచుకో. అప్పటిదాకా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టు, పంపు చెయ్యకు.

ముస్తాంగ్_66, జూన్ 28

స్పేసర్లు వేశా. ఎయిర్ ఫిల్టర్ మూతకీ బానెట్‌కీ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. కొట్టు ముందు పావుగంట ఆపినా రెండో తిప్పుకే అందుకుంటోంది.

నల్లకుంట_చెవీ, జూన్ 28

సంతోషం. ఒక వీడియో పెట్టు బాబూ. బానెట్ తెరిచి, పాట పెట్టకుండా, మాట్లాడకుండా. ఇంజను వినాలి.

ముస్తాంగ్_66, జూన్ 29

పెట్టా బాబాయ్ గారూ. పక్కింటి కుక్క అరుస్తుంది, సర్దుకోండి.

నల్లకుంట_చెవీ, జూన్ 29

కుక్క సరే. వెనక వైపు, ఐదో సిలిండరో ఆరోదో, టాపెట్ టకటకమంటోంది.

ముస్తాంగ్_66, జూన్ 29

దీంట్లో హైడ్రాలిక్ లిఫ్టర్లు బాబాయ్ గారూ, అడ్జస్ట్‌మెంట్ ఉండదు.

నల్లకుంట_చెవీ, జూన్ 29

అయితే ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది?